లస్కరు తాత

లస్కరు తాత పోయాడని చెల్లెలు ఫోన్ చేసింది. తెల్లవారుజామున నిద్రలోనే పోయాడట. "పెద్దకర్మకైనా రా అక్కా. నాన్న ఉంటే ముందుండి అన్నీ చూసుకునేవాడు" అంది. ఆ మాట అనకపోయినా వెళ్లేదాన్నే.

నరసాపురంలో రైలు దిగి వశిష్ఠ రేవులో పంటు ఎక్కాను. అవతలి ఒడ్డు సఖినేటిపల్లి. అంతర్వేది తీర్థం అయి ఎన్నో రోజులు కాలేదు, రేవులో ఇంకా చెరకు పిప్పి, చినిగిన రంగుకాగితాలు ఉన్నాయి. మా చిన్నప్పుడు తీర్థానికి వెళ్లే జనం వెదురు బుట్టలు, చాపలు, పిల్లలతో నావల్లో కిక్కిరిసి దాటేవారు. ఇప్పుడు పంటు మీద కార్లు, బైకులు, రొయ్యల మేత వేసుకున్న లారీ. ఒడ్డున ఆటో ఎక్కి మా ఊరి మలుపు తిరగ్గానే రెండో పంట దాళ్వా చేల వాసన కొట్టింది. తడిమట్టి, యూరియా, పొట్టకొచ్చిన వరి, అన్నీ కలిసిన వాసన. అది తగిలితే చాలు, రాత్రిపూట కాలువగట్టు మీద టార్చిలైటు వేసుకుంటూ వచ్చే మనిషి నా కళ్లముందు నిలబడతాడు.

ఆయన్ని ఊళ్లో పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. కాలువ గట్టున తిరుగుతూ తూములు కాసి, వంతు ప్రకారం నీళ్లు వదిలే ఉద్యోగం లస్కరు, పిలుపూ అదే. నడివయసులోనే తల నెరిసిపోవడంతో మా పిల్లలకి లస్కరు తాత అయ్యాడు. ఖాకీ నిక్కరు, తలకి తువ్వాలు, చేతిలో కర్ర, మొలకి తూము తలుపుల తాళంచెవులు. ఆ తాళంచెవుల చప్పుడు వీధి చివర వినపడగానే మా అమ్మ పొయ్యి మీద టీ పెట్టేది.

*

మాది శివారు పొలం. డెల్టాలో పుట్టినవాళ్లకి ఈ ఒక్క మాట చాలు, మిగతావాళ్లకి కొంచెం చెప్పాలి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆనకట్ట కట్టించాడు. అక్కణ్ణించి మూడు డెల్టాలకీ నీళ్లు మళ్లాయి. మా మధ్య డెల్టాకి వచ్చే నీరు బొబ్బర్లంక దగ్గర కాలువలో పడి, గన్నవరం దగ్గర వైనతేయ పాయని అక్విడెక్టు మీదుగా దాటి మా వైపు వస్తుంది. కింద నది, పైన కాలువ. చిన్నప్పుడు మొదటిసారి చూసి, ఆ కాలువ నీరు మా పొలానిదేనని నాన్న చెబితే నమ్మలేదు. అంత దూరం నుంచి వచ్చే నీటిని దారి పొడుగునా ప్రతి తూమూ, బోదె అనే ప్రతి పిల్లకాలువా తన వాటా తీసుకుని మిగిలింది కిందికి వదలాలి. మేము చిట్టచివర ఉండేవాళ్లం. మా తర్వాత మురుగు కాలువ, సరుగుడు తోటలు, సముద్రం.

తొలి పంట సార్వాలో నీటికి లోటుండదు, మునక భయమే. దాళ్వాలోనే నాన్నకి టెన్షన్. మాఘ ఫాల్గుణాల్లో కాలువలో నీరు తగ్గుతుంది, వంతులు పెడతారు. ఎగువ వాళ్లకి కొన్ని రోజులు, దిగువ వాళ్లకి కొన్ని రోజులు. కాగితం మీద లెక్క సరిగ్గానే ఉంటుంది. కానీ రాత్రిపూట ఎగువన ఎవరో ఒకరు తూము తలుపు జానెడు ఎత్తితే మా బోదెలోకి తడి కూడా రాదు. పొట్ట మీదున్న చేనికి ఒక్క తడి తప్పితే గింజ తాలే. మా ఇంట్లో అన్నం ఉడకడం, మేము మొహం కూడా ఎరగని రైతుల నిజాయితీ మీద ఆధారపడి ఉండేది. ఇది పెద్దయ్యాక చదువుకుని తెలుసుకున్నది కాదు. లాంతరు పట్టుకుని బోదె దగ్గర నిలబడి, ఎండిన మట్టిని చూస్తూ తెలుసుకున్నదే.

నాన్నకి మేమిద్దరం ఆడపిల్లలం. లాంతరుకి పెద్దదాన్ని నేనే తోడు వెళ్లేదాన్ని. కప్పలు, కీచురాళ్లు, గాలి తిరిగినప్పుడు సముద్రం హోరు. పెద్దకాలువ దగ్గరికి వెళ్తే అప్పుడప్పుడు ధాన్యం పడవ వచ్చేది. గట్టు మీద ఇద్దరు ముగ్గురు తాడు భుజాన వేసుకుని ముందుకు వంగి లాగుతూ, ఏదో పదం అందుకుని. వాళ్లు దాటిపోయాక కూడా పాట వినపడేది. ఆ పడవలు ఇప్పుడు లేవు, ఆ పదాలు ఎవరికైనా వచ్చో లేదో.

అర్ధరాత్రి దాటాక తాళంచెవుల చప్పుడు.

"పాపగారూ, నాన్నగారేరండీ?"

"అదుగో, మడి దగ్గర."

"నీరు వత్తందండి. కోడికూసే ఏళకి మీ బోదెలో ఉంటదండి. ఎల్లి పడుకోండి, నేను గట్టు మీదే ఉంటాను."

నాన్న నిజంగానే ఇంటికొచ్చి పడుకునేవాడు. గురక పెట్టి నిద్రపోయేవాడు. ఆ గురక విలువ నాకు తర్వాత తెలిసింది.

ఒకసారి ఎగువ మోతుబరి మనుషులు మా వంతు రోజున తూము ఎత్తడానికి వచ్చారు. మేము కబురు తెలిసి వెళ్లేసరికి లస్కరు తాత తూము మీద కూర్చుని ఉన్నాడు. అరవలేదు, తిట్టలేదు. "ఈ వంతు శివారోళ్లదండి. మీది మంగళారం. ఆ రోజు మీరు రాకపోయినా నేనే ఎత్తుతానండి" అన్నాడు. తెల్లవార్లూ అక్కడే కూర్చున్నాడు, మంచులో, తువ్వాలు కప్పుకుని. మంగళవారం పొద్దున్నే వెళ్లి అదే చేత్తో వాళ్ల తూము ఎత్తాడు. నాకు ఆయన మీద గౌరవం పుట్టింది ఆ రెండో పనితో.

కుప్పనూర్పుల్లో కళ్లం దగ్గరికి వచ్చేవాడు. రైతులు కుంచంతో ధాన్యం కొలిచి ఇవ్వడం అలవాటు. మాకున్నది రెండెకరాలు, మోతుబరిది ఎన్నో రెట్లు. ఇద్దరి దగ్గరా ఒకే కొలత తీసుకునేవాడు. మోతుబరి పాలేరు ఇంకో కుంచం ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడట.

*

1986 ఆగస్టులో గోదావరి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ వయసులు, పెళ్లిళ్లు ఆ వరదకి ముందా తర్వాతా అని లెక్క చూస్తారు. ఆ రాత్రి ఊరు ఊరంతా ఏటిగట్టు మీదే. పెట్రోమాక్స్ లైట్లు, ఇసుక బస్తాలు, తాటిదుంగలు, "ఇక్కడ కారుతోంది, ఇక్కడ" అని కేకలు. టీకొట్టు ఆయన పొయ్యి గట్టు మీదికే తెచ్చి, తెల్లారేదాకా డబ్బుల మాటెత్తకుండా టీ పోశాడు. ఏటా మా నీళ్లు దొంగతనంగా మళ్లించుకునే ఎగువ రైతు ఒకాయన ఉండేవాడు. ఆయన తన ఇంట్లో ధాన్యం గచ్చు మీద గుమ్మరించేసి, ఖాళీ గోనెసంచులన్నీ బండి మీద వేసుకొచ్చాడు. రాత్రంతా లస్కరు తాతకి పక్కనే నిలబడి ఇసుక నింపాడు. ఆ మరుసటి దాళ్వాకి మళ్లీ నీళ్లు మళ్లించాడు, అది వేరే సంగతి. కానీ ఆ రాత్రి ఆయన వేరే మనిషి. అది నటన కాదు, నిజంగానే. ఎవరి పక్కన నిలబడ్డాడన్న దానికీ ఆ మార్పుకీ సంబంధం ఉందని నా నమ్మకం.

*

నేను హైస్కూల్లో ఉండగా లస్కరు తాతకి వేరే సెక్షన్‌కి బదిలీ అయింది. పైన ఎవరో చెప్పించారని అనుకున్నారు. ఆ తర్వాత వచ్చినాయనకి ఒక రేటు ఉండేది. చెడ్డవాడని అనను. డబ్బు తీసుకుంటే మాట తప్పేవాడు కాదు. నాన్న డబ్బిచ్చాడు, నీళ్లు వచ్చాయి. పంట తగ్గలేదు. ఆ ఏడాది బస్తాలు నిరుటికంటే ఎక్కువే అయ్యాయి.

నాన్న మాత్రం తగ్గిపోయాడు. నీళ్లు బోదెలో పారుతున్నా గట్టు దిగేవాడు కాదు. ఎగువ వాళ్లు ఎంత ఇచ్చారో కనుక్కోవడం, మనం ఇంకో యాభై ఇవ్వాలేమో అని లెక్కలు వేసుకోవడం. పక్క చేను ఆయనతో తరాల స్నేహం. వాళ్లింట్లో పులస వండితే మా ఇంటికి గిన్నె రావలసిందే. అలాంటి మనిషి మీద అనుమానం పెట్టుకుని ఎదురుపడితే పలకరించడం మానేశాడు. భోజనం దగ్గర కూర్చుంటే ఊళ్లో వాళ్ల తప్పులే మాటలు. అమ్మ లేసు అల్లుకుంటూ అన్నీ వినేది. నరసాపురం లేసు అల్లే ఆడవాళ్లు మా వైపు ఇంటికొకరు ఉండేవారు. కొక్కెం ఆగకుండా ఆడుతుండగానే మాట్లాడతారు. ఒక రాత్రి మాత్రం అమ్మ కొక్కెం ఆపి, "పంట ఇంటికొచ్చింది గానీ, మనిషి ఇంకా ఇంటికి రాలేదే" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. నీళ్లు అవే, పొలం అదే, పంట ఇంకాస్త ఎక్కువే. లస్కరు తాత వల్ల మాకు దక్కింది నీళ్లే అయితే, నీళ్లు ఆగకుండా వచ్చినప్పుడు మా ఇంట్లో ఏం పోయినట్టు?

కొన్నేళ్లకి ఆయన మామూలు బదిలీ మీదే తిరిగొచ్చాడు. నాన్న మళ్లీ నిద్రపోయాడు. పక్క చేను ఆయనతో మాటలు కలిశాయి. అయినా పూర్తిగా పాత మనిషి కాలేదు. నేను అలా అంటే చెల్లెలు ఒప్పుకోదు, తనకి చిన్నతనం.

*

మా నాయనమ్మ ఇంటికెవరొచ్చినా ముందు "భోంచేశావా" అని అడిగేది. ఆ అడగడం డొక్కా సీతమ్మ గారి నుంచి వచ్చిందని ఆవిడ నమ్మకం. సీతమ్మ గారు 1841లో పుట్టి 1909లో పోయారు. మండపేట ఆడపడుచు, లంకల గన్నవరం కోడలు. వేళకాని వేళలో వచ్చినా, ఏ కులం వాళ్లొచ్చినా వండి పెట్టిన తల్లి. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి పిలుపు వస్తే వెళ్లలేదని, చివరికి ఆవిడ ఫొటో తీయించి తీసుకెళ్లారని చెబుతారు. నాయనమ్మకి రాజుల ఊసు అక్కర్లేదు. ఆవిడ చెప్పే కథ ఒకటే. సీతమ్మ గారు ఎన్నాళ్లగానో అనుకుని అనుకుని అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరారట. దారిలో ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని వాళ్ల పెద్దవాళ్లు "ఇంకాసేపట్లో సీతమ్మ గారింటికి వెళ్లిపోతాం, అన్నం పెడతారు" అని ఊరుకోబెడుతున్నారట. అది చెవిన పడగానే ఆవిడ వెనక్కి తిరిగి ఇంటికెళ్లి పొయ్యి వెలిగించారట.

నాయనమ్మ పుట్టేనాటికే సీతమ్మ గారు లేరు. మా ఇంట్లో ఎవరూ ఆవిడ చేతి ముద్ద తిన్నట్టు చెప్పుకోలేదు. "ఆవిడ తిరిగిన నేల మీద ఉంటూ, ఆకలన్నవాణ్ణి పొమ్మంటామా?" అనేది నాయనమ్మ. ఆవిడ దగ్గర ఒక్క గింజ పుచ్చుకోకుండానే ఆవిడ వల్ల మా నాయనమ్మ బతుకు పెద్దదైంది. గన్నవరంలో పాత అక్విడెక్టు పక్కన కట్టిన కొత్తదానికి ఇప్పుడు సీతమ్మ గారి పేరే. మా చేలకి వచ్చే ప్రతి చుక్కా దాని మీదుగానే వస్తుంది.

కాటన్ దొర సంగతి కొంచెం వేరుగా తోస్తుంది నాకు. మా వైపు గోదావరి స్నాన సంకల్పంలో ఆయన్ని తలుచుకునే పురోహితులున్నారు. ఆయన పట్టుదల, ఆ ఎండల్లో పడ్డ కష్టం కాదనలేం. కానీ ఈస్టిండియా కంపెనీ డబ్బు పెట్టింది శిస్తు పెరుగుతుందన్న లెక్క కూడా చూసుకునే. వాళ్ల మనసులో ఏమున్నా ఆనకట్ట నీళ్లు ఇస్తుంది. సీతమ్మ గారి మనసు తీసేస్తే మాత్రం మిగిలేది అన్నం గిన్నె ఒక్కటే.

*

నా మొదటి ఉద్యోగం రాజమండ్రిలో ఒక ఆఫీసులో. అక్కడ ఒక పెద్దాయన హెడ్ క్లర్క్. ఏ కాగితం ఏ రోజొస్తే ఆ వరసలోనే కదలాలి. పైసా ముట్టడు, ముట్టనని చెప్పుకోడు కూడా. మధ్యాహ్నం క్యారేజీ విప్పి, గోంగూర పచ్చడి అందరికీ తలా కాస్త వేసేవాడు. ఆయన వల్ల మా సెక్షన్‌లో ఎవరికీ మామూళ్లు లేవు. చెల్లెలి పెళ్లి అప్పులున్న ఒకతను "ఈయన నిజాయితీకి ఖర్చు మనం పెట్టుకుంటున్నాం" అని గొణిగేవాడు. అతని బాధ నిజమే, నేను దాన్ని తేలిక చెయ్యను.

ఆయన రిటైరయ్యాక కొద్ది నెలల్లోనే ఎవరి సొరుగుకి వాళ్లం తాళాలు వేసుకోవడం మొదలైంది. అంతకుముందు ఆ సొరుగులకి తాళాలున్నాయన్న సంగతే ఎవరికీ పట్టలేదు. నాలో వచ్చిన తేడా నాకు ఇంకా బాగా తెలుసు. ఆయన ఉన్నన్నాళ్లూ నిజాయితీగా ఉండటానికి నాకు ధైర్యం అక్కర్లేకపోయింది. ఆయన వెళ్లాక ప్రతి ఫైలుకీ కావలసి వచ్చింది. పని అదే, నేనూ అదే మనిషిని, కానీ సాయంత్రానికి ఒంట్లో సత్తువ మిగిలేది కాదు.

*

చెల్లెలి కొడుకు ఎమ్మే ఫిలాసఫీ చదువుతున్నాడు. పెద్దకర్మ ముందురోజు సాయంత్రం అరుగు మీద కూర్చుని ఇవన్నీ చెబుతుంటే శ్రద్ధగా విని, "పెద్దమ్మా, ఆయన మంచితనం ఆయనది. నీకు అందింది దాని ఫలితమే. ఆయన గుణం నీ బతుకులో భాగం ఎలా అవుతుంది?" అన్నాడు. ఎపిక్టీటస్ అని ఒకప్పుడు బానిసగా బతికిన తత్వవేత్త ఉన్నాడట. మన చేతిలో ఉన్నది మన నడతే, ఎదుటివాళ్ల నడత మన చేతిలో లేదు, మన మేలుని దానికి కట్టెయ్యకూడదు అంటాడట. తనను తానే ఉద్ధరించుకోవాలని మన గీతలోనూ ఉంది కదా అన్నాడు.

ఆ ఆలోచనలో ఎంత బలముందో నాకు తెలుసు. నాన్నకి అది పట్టుబడి ఉంటే, రేటు పెట్టిన లస్కరు కాలంలోనూ హాయిగా నిద్రపోయేవాడేమో. కానీ పొలం శివారున ఉన్నవాడికి ఎవరితోనూ ముడిపడకుండా మేలు ఎక్కడ దొరుకుతుంది?

వాడు మంచి పిల్లాడు, నా తరఫు వాదన కూడా వాడే చెప్పాడు. సుఖంగా ఉన్నవాడికి స్నేహితులు అవసరమా అని అరిస్టాటిల్ అడిగి, అవసరమే అన్నాడట. మన పనుల కంటే పక్కవాళ్ల పనులే మనకి బాగా కనపడతాయని, మంచివాళ్ల మంచి పనుల్ని చూడటమే ఒక ఆనందమని, వాళ్లతో కలిసి బతకడం మంచితనానికి సాధన అని అన్నాడట. అన్ని సంపదలూ ఉండి ఒంటరిగా బతకడాన్ని ఎవరూ కోరుకోరని కూడా.

మొదటి మాట నాకు బాగా తగిలింది. నేను చేసిన మంచి పని నాకెప్పుడూ సరిగ్గా కనపడదు. అందులో భయం ఎంత, మెప్పు ఎంత, అలవాటు ఎంత అన్నది తేలదు. లస్కరు తాత తూము మీద కూర్చోవడం మాత్రం నేను నిండుగా చూశాను. మంచి అనేది ఎలా ఉంటుందో చూడాలనుకున్నప్పుడు నాకు నేను కాదు, ఆయన కనపడతాడు. అది లేకపోతే నాలో ఒక చూపు తక్కువయ్యేది.

కానీ అరిస్టాటిల్ చెప్పింది సమానులైన స్నేహితుల గురించి. లస్కరు తాత మాకు స్నేహితుడు కాదు. టీ గ్లాసు తీసుకుని కింది మెట్టు మీద కూర్చునేవాడు, నాన్న పిలిచినా అరుగెక్కేవాడు కాదు. ఆ మెట్టుకీ అరుగుకీ మధ్య ఎంత ఉందో మా ఊరివాళ్లందరికీ తెలుసు. ఆయన మంచితనం మీద మా బతుకులు పచ్చగా ఉన్నాయి, సరే. మా వల్ల ఆయన బతుక్కి ఏం కలిసింది? ఈ ప్రశ్న నాదే. పిల్లవాడు దీనికి బదులు చెప్పలేదు, నేనూ చెప్పలేకపోయాను.

*

పెద్దకర్మ రోజు వాళ్ల వాకిట్లో పందిరి. ఎగువ వాళ్లూ శివారు వాళ్లూ ఒకే వరసలో భోజనాలకి కూర్చున్నారు. మోతుబరి మనవడు వడ్డిస్తున్నాడు. నేను లోపలికెళ్లి లస్కరు తాత కూతురి పక్కన కూర్చున్నాను. కాసేపు ఏడ్చి, తర్వాత తనే మొదలెట్టింది.

"ఆ బదిలీ అప్పుడు మీ నాన్నగారు అర్జీ రాయించారండీ, తెలుసా?"

నాకు తెలియదు. శివారు రైతులందరి చేతా సంతకాలు, వేలిముద్రలు వేయించి, బస్సెక్కి వెళ్లి ఆఫీసులో ఇచ్చొచ్చారట. అర్జీ పనిచెయ్యలేదు. కానీ అక్కడి గుమాస్తా ఒకాయన ఆ కాగితం లస్కరు తాతకి చూపించాడట.

"ఆయ్, అన్నన్ని ఏలిముద్రలు చూసి ఇంటికొచ్చి అమ్మకి చెప్పాడండి. 'ఒంటిగా కూకున్నాననుకున్నానే ఇన్నాళ్లూ తూము మీద. నా ఎనకాల ఇంతమంది ఉన్నారంట' అని. అక్కడ కొత్త చోట గొడవలు ఎక్కువండి, ఒకసారి కొట్టారు కూడా. ఉద్యోగం మానెయ్యమని అమ్మ ఏడిసేది. ఆ కాగితం ఊసెత్తేవోడండి. మానలేదు, అక్కడా ఇలాగే చేశాడు."

నాన్న ఈ సంగతి మాకెప్పుడూ చెప్పలేదు. డబ్బిచ్చి నీళ్లు తెచ్చుకుంటూ, ఎవరినీ నమ్మకుండా ఉన్న ఆ రోజుల్లోనే ఇదీ చేశాడు. ఆయన్ని నేను అప్పుడు పూర్తిగా చూడలేదేమో.

భోజనాలయ్యాక పందిట్లోనే వంతుల మాట వచ్చింది. ఇప్పుడు లస్కర్లు తక్కువ, ఒక్కడే ఎంతో పొడుగు కాలువ చూసుకోవాలి. అందుకని రైతులే వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. వంతు అయిపోగానే తూము కట్టేసి ఫొటో పెట్టాలి. దాన్ని నడిపేది లస్కరు తాత మనవడు, కౌలుకి చేస్తున్నాడు. నన్ను చూసి దగ్గరికొచ్చి, "అండీ, రేపు రాత్రి మీ బోదె వంతండి. మీ కౌలు రైతు ఫోన్ ఎత్తట్లేదు" అన్నాడు.

నేను అక్కణ్ణించే చేశాను. రెండోసారికి ఎత్తాడు. ఇంజను చప్పుడులో వినపడలేదట.

"చూశానండి గ్రూపులో" అన్నాడు. "ఎగువ తూము ఇందాకే కట్టేశారండి. ఇంకా వాళ్లకి ఒక పూట ఉంది, అయినా తడి సరిపోయిందని కట్టేశారంట."